రెయిలింగ్ చివర నిలబడే ఆమె

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు బయటికొచ్చే చోట ఒక రెయిలింగ్ ఉంది. రాత్రిపూట దాని చివర నిలబడొద్దని ఇబ్రహీంపట్నం క్యాబ్ డ్రైవర్లు చెప్పుకుంటారు.

2008లో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అద్దాల గోడలు, పట్టపగల్లాంటి దీపాలు, తెల్లవార్లూ కాఫీ... ఇక్కడ దెయ్యానికి చోటెక్కడ అనిపిస్తుంది. కానీ దుబాయ్ విమానం దిగాక ఒకామె టిఫిన్ డబ్బాతో కనిపిస్తుందట. మొగుడి శవం వచ్చిన రోజే చచ్చిపోయిందట. ఏదో అడుగుతుందట, బదులిస్తే వెంట వస్తుందట...

మంచాల ఊరి ఐలేష్ చెప్పిన సంగతి ఇది. అతను అప్పుడే క్యాబ్ కొన్నాడు.

"పైలం రా, ఇంటిదాక వస్తది," అని ఏడిపించాడు తోటి డ్రైవర్ భూపాల్.

"వస్తే కిరాయి తీసుకుంట."

ఆ రాత్రి బుకింగ్ రద్దయింది. జనం పలచబడ్డారు. ఐలేష్ రెయిలింగ్ దగ్గరే ఉన్నాడు. అద్దాల తలుపులు మూసుకున్నాయి — వెనక నుంచి గుసగుస.

"అన్నా... లోపల ఇంకెవరన్న ఉన్నరా?"

ఐలేష్ తిరిగాడు. ముందు డబ్బా కనిపించింది... తర్వాత మెడలో చిన్న సిలువ... తర్వాత ముఖం.

"సుసన్నక్కా?"

వాళ్ల ఊరామె. బతికే ఉంది.

భర్త అంజిలయ్య దుబాయ్‌లో చనిపోయిన సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే చెప్పలేదు. తట్టుకోలేదని మరిది మహేశ్వర్, "పాణం బాగలేక వస్తున్నడు వదినా" అన్నాడు. ఆమె ఆగలేకపోయింది. చెప్పకుండా కూర వండుకుని వచ్చి, మనుషులొచ్చే గేటు ముందు నిలబడింది. శవమున్న పెట్టె మాత్రం సరుకుల గేటు నుంచి — కార్గో నుంచి — వెళ్లిపోయింది. ఊళ్లో ఆమె కోసం చూసి చూసి, శవం ఇక ఆగదని సమాధి చేశారు. అప్పట్నుంచి ఆమె ఆ విమానం వేళకు వచ్చి ఇక్కడ నిలబడుతోంది.

"అందరు మట్టేసిండ్రు. నేను చూడలే," అంది. "నాకైతే ఆయన ఇంక బయటికి రాలే, తమ్మీ."

ఐలేష్ ఆమెను బండిలో ముందు కూర్చోబెట్టి కార్గో వైపు తీసుకెళ్లాడు. గేటు మూసి ఉంది.

"గీ గేట్ల నుంచి వచ్చిండక్కా."

ఆమె దిగి, గేటు కమ్మీని పట్టుకుని లోపలికి చూసింది.

"మస్తు చీకటుంది గిక్కడ," అంది చివరికి.

తిరిగొచ్చి ఈసారి వెనక తలుపు తీసింది. లోపలి అంచుకు జరిగి కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఐలేష్ తలుపు వేయబోయాడు.

"జర ఆగు, తమ్మీ..."

ఆగాడు. గాలి లేదు. ఆమె పక్కన సీటు కవరు మెల్లగా నలిగిన చప్పుడు... తాను విన్నానంటాడు ఐలేష్.

"ఇగ పోదాం," అంది.

ఆ తర్వాత ఆమె రెయిలింగ్ దగ్గర ఎవరికీ కనిపించలేదు. ఐలేష్ మాత్రం ఆ రాత్రి ఇబ్రహీంపట్నం దాటేదాకా వెనక సీటు కనిపించే అద్దంలోకి చూడలేదట.