మోకాలి అబద్ధం

శనివారం ఉదయం ఇనెస్ ఎప్పటిలాగే వీధి మలుపులో ఉన్న బేకరీకి వెళ్ళి వేడి రొట్టెలు తెచ్చింది. ఎర్ఫుర్ట్ నగరంలో మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంటి నిండా కాఫీ వాసన. డెబ్బై ఆరేళ్ళ తల్లి హనెలోర్ రొట్టెలు కోసి ఒక్కోదానికీ వెన్న రాస్తోంది. ఇనెస్ చెల్లెలు మారెన్ కూతురు స్వెన్యా తడిజుట్టుతో వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. దానికి పద్దెనిమిదేళ్ళు. సైకిల్ పందేల శిక్షణ కోసం రెండేళ్ళుగా పెద్దమ్మ ఇంట్లోనే ఉంటోంది.

"రొట్టెను అలా కెలుకుతావేమిటే? తిను," అంది అమ్మమ్మ.

"గొంతు దిగడం లేదమ్మమ్మా. ఇవాళ బెర్లిన్ పోటీకి జట్టు పేర్లు చెబుతారు."

"నీ పేరు కాకపోతే మీ క్లబ్బులో తిరిగే పిల్లి పేరు రాస్తారా?"

స్వెన్యా నవ్వి ఇనెస్ వైపు తిరిగింది. "మా కోచ్‌వి, రాసేది నువ్వే కదా పెద్దమ్మా! ఒక్క ముక్క నా చెవిలో వేయొచ్చుగా."

"పదకొండింటికి అందరితోపాటే వింటావు," అంది ఇనెస్.

పేర్ల కాగితం నిన్నటి నుంచి ఆమె కోటు జేబులోనే ఉంది. అందులో నలుగురి పేర్లున్నాయి. స్వెన్యా పేరు లేదు.

ఇరవై రెండేళ్ళ క్రితం ఇనెస్, మారెన్ ఇద్దరూ జర్మనీ జట్టులో ఉండేవారు. చలికాలం ట్రాక్ మీద, వేసవిలో రోడ్డు మీద పందేలు. ఒకే గదిలో పడుకునేవారు, ఒకే సబ్బు వాడేవారు. ప్రపంచ పోటీల్లో ఒంటరి పందేనికి ఒక్కటే చోటు. అది ఇనెస్‌కి దక్కింది. సరిగ్గా నాలుగు రోజుల ముందు కోచ్ ఆమెను పిలిచి, "నీ మోకాలు పాడైందట. ఎందుకు దాచావు? మీ ఇంటివాళ్ళే చెప్పారు," అన్నాడు. మోకాలు నిక్షేపంగా ఉందని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. డాక్టరుకి చూపిస్తానంటే, పేర్లకి గడువు ఈ సాయంత్రమే, శనివారం ఏ డాక్టరుంటాడన్నాడు. ఆ చోటులో మారెన్ తొక్కింది. వెండి పతకం తెచ్చుకుంది.

"నేనేం చెప్పలేదు," అంది మారెన్ అప్పుడు. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ అదే మాట. తల్లి కూడా చిన్నదాన్నే నమ్మింది. "చెల్లెలి గెలుపు చూసి ఓర్వలేకపోతున్నావే," అని ఇనెస్‌ని చీవాట్లు పెట్టింది.

ఇనెస్ ఇంకో ఎనిమిదేళ్ళు రోడ్డు పందేల్లో తొక్కింది. గెలవడానికి కాదు. పేరున్నవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించడానికి, వాళ్ళకి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కడానికి. వానలో కొండలెక్కుతున్నప్పుడల్లా ఒక్కటే అనుకునేది: దీనికి బదులు తీర్చకుండా చావను.

అందుకే మారెన్ లైప్‌జిగ్ నుంచి తల్లికి ఫోన్ చేసి, "అమ్మాయికి నువ్వు తప్ప ఎవరూ నేర్పలేరట," అని ఆవిడ ద్వారా అడిగించినప్పుడు ఇనెస్ వెంటనే ఒప్పుకుంది. రెండేళ్ళు ఆ పిల్లని చెక్కింది. ఉదయం అయిదింటికి లేపింది, కాళ్ళు పట్టింది, గాలిని చీల్చడం నేర్పింది. ఎంత ఎత్తు ఎక్కిస్తే పడినప్పుడు అంత దెబ్బ తగులుతుందని ఆమె లెక్క.

పదకొండింటికి ట్రాక్ దగ్గర పేర్లు చదివింది. అమ్మాయిలు కేరింతలు కొట్టి, ఒక్కసారిగా ఆగిపోయి స్వెన్యా వైపు చూశారు.

"పెద్దమ్మా, నా పేరు మర్చిపోయావు."

"మర్చిపోలేదు. నీ మోకాలు బాగాలేదు."

"నా మోకాలా? నిన్ననే కదా అందరికంటే ముందొచ్చాను!"

"బాగాలేదని క్లబ్బు పెద్ద జైడ్లర్ గారికి రాసిచ్చాను. పేర్లకి సాయంత్రం ఆరింటికే గడువు."

"డాక్టరు దగ్గరికి పద. ఇప్పుడే చూపిస్తాను!"

"శనివారం ఏ డాక్టరుంటాడు?" అంది ఇనెస్. ఆ మాట నోట్లో బెల్లంముక్కలా కరిగింది. "వెళ్ళి మీ అమ్మకి ఫోన్ చెయ్యి. మోకాలి సంగతి అని చెప్పు. మిగతాది ఆవిడకే అర్థమవుతుంది."

అర్థమైంది. రెండు గంటలు తిరక్కుండానే మారెన్ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. జుట్టు నెరిసింది, ఒళ్ళు వచ్చింది. ఇనెస్ ఆమెను కూర్చోమనలేదు.

"దాన్నేం చెయ్యకు అక్కా. కావాలంటే నన్ను తిట్టు, కొట్టు."

"నేనేం చేశాను? ఒక మాట చెప్పానంతే. మోకాలు పాడైందని."

"దాని మోకాలు బాగానే ఉంది. నీకు తెలుసు."

"మరి నాది?"

మారెన్ తల దించుకుంది. హనెలోర్ చేతిలోని గిన్నె తుడవడం ఆపింది.

"గట్టిగా చెప్పవే," అంది ఇనెస్. "అమ్మ వినాలి."

"బాగానే ఉండేది," అంది మారెన్. "నేనే కోచ్‌కి అబద్ధం చెప్పాను. రాత్రంతా మంచుగడ్డలు పెట్టుకుని ఏడుస్తున్నావని చెప్పాను. ఎప్పుడూ నువ్వే ముందు. నాకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి..." అరచేత్తో ముఖం తుడుచుకుంది. "ఆ పతకం పెట్టె తెరిచి పన్నెండేళ్ళయింది."

ఆ మాట వినడానికే ఇనెస్ ఇరవై రెండేళ్ళు బతికింది. వింటే పగ చల్లారుతుందనుకుంది, చల్లారలేదు. "ఇప్పుడు తెలిసిందా ఎలా ఉంటుందో? నీ పిల్ల ముఖం చూసుకో పో. నా ముఖం అలాగే ఉండేది!" అని అరిచింది.

"అయితే అంతా దీనికోసమేనా?"

వెనక నడవాలో స్వెన్యా నిలబడి ఉంది. భుజాన సామాను సంచి ఉంది.

"రెండేళ్ళూ దీనికోసమేనా పెద్దమ్మా? నన్ను లేపడం, నూడుల్స్ వండిపెట్టడం, మలుపులో నా పక్కన తొక్కుతూ 'నువ్వు నాకంటే బాగా తొక్కుతావు' అనడం?"

"అవును," అంది ఇనెస్.

"ఫిబ్రవరిలో నాకు జ్వరమొచ్చింది. మూడు రోజులు నా మంచం పక్కనే కుర్చీలో కూర్చున్నావు. అది కూడానా?"

ఇనెస్ నోరు తెరిచింది. ఇంకొక్కసారి అవునంటే పగ పూర్తవుతుంది. కానీ ఆ మూడు రోజులూ ఆమెకు మారెన్ గుర్తే రాలేదు. పిల్ల నుదురు చల్లబడిందా లేదా, అదొక్కటే ధ్యాస.

"అది కాదు," అంది చివరికి. కుర్చీలో కూలబడింది.

హనెలోర్ గిన్నె పక్కన పెట్టి పెద్దకూతురి దగ్గరికి వచ్చింది. "నిన్ను ఓర్వలేనిదానివన్నాను. కన్నతల్లిని, నేనే అన్నాను," అంది. ఇనెస్ తల తన పొట్టకు అదుముకుని నిలబడిపోయింది. ఆ రోజుల్లో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది ఇనెస్.

అయిదింటికి ముఖం కడుక్కుని ఫోన్ తీసింది. అందరూ చూస్తుండగానే మాట్లాడింది.

"జైడ్లర్ గారూ, స్వెన్యా మోకాలికి ఏమీ కాలేదు. నేను అబద్ధం రాశాను. నాలుగో అమ్మాయిని అదనంగా ఉంచి, దాని పేరు చేర్చండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "ఇలా చెప్పాక నువ్వు కోచ్‌గా ఉండటం కుదరదు, ఇనెస్."

"తెలుసు. సోమవారం తాళాలు తెచ్చిస్తాను."

ఫోన్ పెట్టేశాక మారెన్ ఏదో అనబోయింది. "నీకోసం చెయ్యలేదు," అంది ఇనెస్. స్వెన్యా మాత్రం సంచి తీసుకుని, తల్లితో కలిసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత బెర్లిన్‌లో పోటీ. ట్రాక్ లోపలికి ఇనెస్‌కి ప్రవేశం లేదు. తల్లిని తీసుకుని, టిక్కెట్టు కొనుక్కుని ప్రేక్షకుల మధ్య కూర్చుంది. కాసేపటికి మారెన్ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

"నిన్ను క్షమించలేదు," అంది ఇనెస్ అటు చూడకుండానే.

"తెలుసక్కా."

"అడ్డంగా నిలబడకు. వెనకవాళ్ళు తిడతారు. కూర్చో."

పందెం మొదలైంది. నలుగురు అమ్మాయిలు ఒకరి చక్రం వెనక ఒకరు దూసుకుపోతున్నారు. వంతులవారీగా ఒకరు ముందుకొచ్చి మిగతావాళ్ళకు గాలి కాసి, పక్కకి తప్పుకుని వెనక చేరుతున్నారు. స్వెన్యా ముందుకొచ్చే వంతు రాగానే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే లేచి, "తల దించు!" అని ఒకే గొంతుతో అరిచారు. హనెలోర్ ఇద్దరి మొహాలూ చూసి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

జట్టుకి మూడో స్థానం వచ్చింది. స్వెన్యా నెమ్మదిగా చివరి చుట్టు తిరుగుతూ వాళ్ళకు ఎదురుగా వచ్చి, కమ్మీ పట్టుకుని ఆగింది. చెమటతో మెరుస్తున్న ముఖం, బిగించిన పెదవులు.

"పెద్దమ్మా, నేను నీతో మాట్లాడటం లేదు."

"సరే," అంది ఇనెస్.

"ఇంకా చాలా రోజులు మాట్లాడను."

"సరేనమ్మా."

పిల్ల కమ్మీ వదల్లేదు. ఊపిరి కూడదీసుకుంది.

"నా రెండో వంతులో పక్కకి తప్పుకోవడం ఆలస్యమైందా?"

"అర సెకను," అంది ఇనెస్. కళ్ళనిండా నీళ్ళు.