పడమటి వార్డు లెక్క

అసూయ వల్ల ఎప్పుడైనా ఎవరికైనా మేలు జరుగుతుందా? ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. రోజూ దేవుడికి దండం పెట్టుకుంటూ, మనసులో ఉన్న అసూయని తీసెయ్యి స్వామీ అని అడుగుతాను. ఆయన తీసెయ్యడు. తీసెయ్యలేకనా, దాంతో ఏదైనా పనుందనా? ఓసారి పెద్దవాళ్ళని అడిగి తిట్లు తిన్నాను. ఈ కథ తెలిశాక తిట్టినవాళ్ళ మీద కోపం పోయింది. సందేహం మాత్రం అలాగే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలు. చీఫ్ గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం. రహస్యాలు కూడా గట్టిగా అరిచి చెప్పుకోవాల్సిన రోజులవి.

"ఆర్కిడ్ ముఠా ఊళ్ళోకి దిగింది," అన్నాడు చీఫ్. "విదేశీ డబ్బు, విదేశీ బుర్ర. ఈ సాయంత్రం ఆరింటి కరోనా బులెటిన్‌లో అంకెలు మార్చబోతున్నారు. ఏ వార్డులో కేసులు ఎక్కువుంటే ఆక్సిజన్ లారీలు ఆ వార్డుకే వెళ్తాయి. అంకె తిరగబడితే లారీ తిరగబడుతుంది. తెల్లారేసరికి ఎంతమంది పోతారో, ఆ తర్వాత ప్రభుత్వం ఉంటుందో ఊడుతుందో నువ్వే ఊహించుకో."

వింటున్న ఏజెంట్ కోడ్‌నేమ్ ముల్లు. ఇంట్లో అందరూ ఆయన్ని తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ అనుకుంటారు. అందుకే త్రాసు ముల్లు పేరు పెట్టారు.

"అనుమానితుడు ఎవరు సార్?"

చీఫ్ ఫోటో జరిపాడు. ముల్లు గుండె ఒక్కసారి ఎగిరింది. భయంతో కాదు, సంతోషంతో.

ఫోటోలో ఉన్నది లెక్కల మాస్టారు. ముల్లు ఉండే బిల్డింగ్‌లోనే పై అంతస్తు. బళ్ళు మూసేశాక, వార్డులవారీగా కేసుల గ్రాఫులు గీసి రోజూ అయిదింటికి ఫోన్ గ్రూపులో పెడుతున్నాడు. గంట తర్వాత వచ్చే ప్రభుత్వ బులెటిన్‌తో అటూ ఇటూగా సరిపోతున్నాయి.

"ముందే ఎలా తెలుస్తోంది వీడికి?" అన్నాడు చీఫ్.

ముల్లుకి అది పట్టలేదు. రెండు నెలలుగా ఆయన చెవిలో ఒకే మాట గుచ్చుకుంటోంది. మన మాస్టారు. భార్య నోట రోజుకి పదిసార్లు ఆ మాటే.

నిన్న రాత్రి భోజనం దగ్గర కూడా అంతే. "మార్కెట్ పొద్దున రెండు గంటలే తెరుస్తారట. జనం ఒకరి మీద ఒకరు పడరూ? రోజంతా తెరిస్తే పలచబడతారు కదండీ. మన మాస్టారు లెక్క కట్టి చూపించారు."

"ప్రభుత్వానికి ఆ మాత్రం తెలీదా?"

"తెలిస్తే ఇలా చేస్తుందా? మన మాస్టారైతే..."

ముల్లు పెరుగు కలుపుకోకుండానే లేచిపోయాడు.

"అరెస్ట్ చేసేయమంటారా సార్?" అన్నాడిప్పుడు, ఆశగా.

"సాక్ష్యం కావాలి. నీతో సిల్క్ మాస్క్ వస్తుంది. ఏడాదిగా ఆర్కిడ్‌లో మన మనిషిగా ఉంది. బులెటిన్ అంకెలు సరిచూసేది కూడా ఆవిడే."

సిల్క్ మాస్క్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. చీరకి సరిపోయే పట్టు మాస్క్, దాని పైన కళ్ళు మాత్రం. ఆ కళ్ళు చాలు. "ఈ ఊళ్ళోనే పుట్టానండీ. మీరు చదువుకున్న బడికి వెనక వీధే," అంది, కారిడార్‌లో నడుస్తూ.

మూడింటికి ముల్లు తెల్లటి పీపీఈ కిట్‌లో, వీపున మందు డబ్బాతో మాస్టారి తలుపు కొట్టాడు. మునిసిపాలిటీ స్ప్రే అన్నాడు. మాస్టారు పక్కకి జరిగి, చెప్పులు విప్పక్కర్లేదని చెప్పి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. మర్యాదస్తుడు. అది మరీ మండించింది.

గది నిండా గ్రాఫులు. తూర్పు వార్డు గీత నేల చూస్తోంది. పడమటి వార్డు గీత గోడ దాటి పైకప్పుకి పాకేలా ఉంది. టెలిఫోన్ కింద చిన్న బగ్ అతికిస్తూ, పక్కనున్న కాగితం చూశాడు ముల్లు. గుండ్రటి అక్షరాలు. తన ఇంటి పచారీ చీటీల మీద పదకొండేళ్ళుగా చూస్తున్న అక్షరాలు.

ఆ గదికి కావలసిన దానికంటే రెండింతలు మందు కొట్టి బయటపడ్డాడు.

వీధి చివర వ్యాన్‌లో సిల్క్ మాస్క్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. కిట్ విప్పే తీరిక లేకుండానే ముల్లు పక్కన కూర్చున్నాడు. నాలుగున్నరకి ఫోన్ మోగింది.

"పడమర మూడు. నలభై, ఏడు. పడమర నాలుగు. యాభై రెండు, పదకొండు." ఆడగొంతు.

"భేష్ అమ్మగారూ. మీరు లేకపోతే నా గ్రాఫు గుడ్డిదే."

అవతల నవ్వు. ఆ నవ్వు ముల్లు విని ఎన్నాళ్ళయిందో. తన ఇంట్లో, తన వంటగదిలో, ఇంకొకరి కోసం పుట్టిన నవ్వు.

"కోడ్," అంది సిల్క్ మాస్క్. "ఆవిడెవరు?"

"తెలీదు," అన్నాడు ముల్లు. పై అధికారుల దగ్గర ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. మాస్టారికి బేడీలు పడాలి. పడితే రెండో జత తన ఇంటికొస్తుంది. స్వామీ, ఇదేం లెక్క?

"ఆలోచిస్తారేం? పాపం, మా ఊళ్ళో జనం ఎంత భయపడుతున్నారో చూడండి. వీణ్ణి ఇప్పుడే పట్టుకోండి."

ముల్లు తల ఆమె వైపు తిరిగింది. మా ఊళ్ళోనా?

ఇంకో రోజైతే వినిపించేది కాదు. కానీ రెండు నెలలుగా 'మన' అన్న మాటకి పుండు పడ్డ చెవి అది. ఒకే ఊరి వాళ్ళు ఒకరితో ఒకరు మా ఊరు అనుకోరు. మన ఊరు అనుకుంటారు. రెంటికీ ఒకటే మాట ఉన్న భాషలో పెరిగినవాళ్ళకే ఆ తేడా తెలీదు.

"ముందు కంట్రోల్ రూమ్‌కి వెళ్ళాలి," అన్నాడు నెమ్మదిగా. "ఎవరు వెళ్దాం?"

"మేము ఇద్దరమూ వెళ్దాం," అంది తొందరలో.

ముల్లు కిట్ కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. "మా ఆవిడ నోటి మాట మీ నోటికి పట్టుబడలేదండీ," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. దొరికిపోయానని మాత్రం అర్థమైంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెంటు సీసా తీసి ఆయన మొహం మీద నొక్కింది. తియ్యటి గ్యాస్ వ్యాన్ నిండా కమ్ముకుంది. ముల్లు ఇంకా కిట్‌లోనే ఉన్నాడు, కళ్ళద్దాలు, రెండు పొరల మాస్క్‌తో సహా. ఆమె ముక్కుకి ఉన్నది పట్టు ఒక్కటే.

"అంకెలు గంట క్రితమే పంపేశాను," అని నవ్వి, సీటు మీదికి ఒరిగిపోయింది.

వీధి వీధికీ అడ్డం కట్టిన కర్రలు దాటుకుని చేరేసరికి అయిదూ యాభై రెండు. కంట్రోల్ రూమ్ తెర మీద తూర్పు రెండు వందల ముప్ఫై, పడమర ముప్ఫై ఆరు. కింద పెరట్లో పదహారు లారీలు ఇంజన్లు స్టార్ట్ చేసుకుని ఉన్నాయి. ముల్లు చీఫ్‌కి ఫోన్ కొట్టాడు.

"పాలు విరిగాయి సార్." ఇంటి దొంగ దొరికిందని దానర్థం. "తెర మీదున్నవి తప్పుడు అంకెలు."

"అసలువి ఏవి?"

"చెరిపేసింది."

"అంకె లేకుండా లారీ ఆపలేనోయ్. ఎక్కడి నుంచైనా పట్టుకురా."

ఎక్కడి నుంచో ముల్లుకి తెలుసు. ఆ నంబరు నొక్కడం కంటే ఇందాకటి గ్యాస్ పీల్చడం సుఖమనిపించింది.

"మాస్టారూ, పడమటి వార్డు లెక్క ఎంత?"

"ఆ లెక్క నాది కాదండీ. మందుల షాపులకి ఫోన్ చేసి, జ్వరం బిళ్ళలు ఎన్ని పోయాయో, వాసన తెలీడం లేదని ఎంతమంది వచ్చారో రాసేది అమ్మగారు. నేను ఉత్త గీతలు గీస్తాను. ఆవిడ్నే అడగండి."

అయిదూ యాభై ఆరు.

"ఏమండీ, తూనికల ఆఫీసుకి ఇదెందుకు?" అంది భార్య.

"తర్వాత చెబుతాను."

"ఆ తర్వాత కోసం పదకొండేళ్ళుగా చూస్తున్నాను."

"రాత్రికి చెబుతాను. అంతా. లారీలు కదిలిపోతున్నాయి, చెప్పవూ?"

"పడమర రెండు వందల పైనే. తూర్పు నలభై దాటదు. నా లెక్క మీద మీకు నమ్మకం ఉందా?"

"ఉంది," అన్నాడు ముల్లు. ఎవడో ఒకడు తనకంటే ముందే నమ్మాడు ఆవిణ్ణి. అసూయ పడవలసింది అందుకు.

"మరైతే ఆ మార్కెట్ సంగతి కూడా మీ పెద్దాయనకి..."

"చెబుతానే, ముందు ఫోన్ పెట్టు."

అయిదూ యాభై తొమ్మిదికి మొదటి లారీ తూర్పు గేటు దాటబోతూ బ్రేకు వేసింది. డ్రైవరు విసుక్కుంటూ స్టీరింగ్ తిప్పాడు. మిగతా పదిహేనూ దాని వెనకే పడమటికి తిరిగాయి.

వారం తర్వాత మార్కెట్ రోజంతా తెరిచారు. నిర్ణయం ఎవరిదో బులెటిన్‌లో రాయలేదు.

ఆ ఆదివారం పొద్దున ముల్లు మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళాడు. చేతిలో ఎర్ర పిడి స్క్రూడ్రైవరు. ఈ ఇంట్లో దిగిన రోజున, ఫ్యాను బిగించుకుని పది నిమిషాల్లో ఇచ్చేస్తానని మాస్టారి దగ్గర తీసుకున్నది. మొదట మరిచిపోయి ఇవ్వలేదు. తర్వాత గుర్తుండి ఇవ్వలేదు.

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగేళ్ళు," అన్నాడు. "మీ ఆఫీసులో దేన్నైనా సరే బాగా ఆలోచించి తూస్తారనుకుంటానండీ."