పాలసాక్షి

అన్నం నములుతూ ప్రసూన ఆగిపోయింది. నోట్లోంచి తీసి చూస్తే దవడపన్ను. పోయిన నెలలోనూ ఒకటి ఇలాగే ఊడింది.

సరిగ్గా అప్పుడే ఆమె మణికట్టు మీది పాలసాక్షి పచ్చగా వెలిగింది. "పాలు శ్రేష్ఠం. మీ పాప దంతాంకురాలు దృఢంగా ఉన్నాయి. అభినందనలు."

"చూశావా, నా పథ్యం మహిమ," అంది అత్తగారు మంగతాయారు, మనవరాల్ని ఒళ్లో వేసుకుని మురిసిపోతూ.

దేశంలో ఒక్క పసినోట్లోనూ పుచ్చుపన్ను ఉండకూడదని దంతరక్ష శాఖ ప్రతి బాలింతకూ పాలసాక్షి కట్టింది. అది పాలను కొలిచి చెబితే, వంటపెట్టె అందుకు తగ్గట్టు వండుతుంది. ఇంటి ఆచారాలను గౌరవించాలన్న పెద్దమనసుతో, పథ్యం నమోదు చేసుకునే వీలూ ఇచ్చారు. పాతబియ్యం, వెల్లుల్లికారం, బీరకాయ చాలంది మంగతాయారు. పాలు, పెరుగు, ఆకుకూరలు, పళ్లు వద్దంది. ఎన్నాళ్లని వంటపెట్టె అడిగితే, పాప పాలు మానేదాకా అంది. మునుపు ఇలాంటి పథ్యాలు నెలా రెండు నెలల్లో సడలిపోయేవి. చాటుగా ఇంత పెరుగు వేసే పిన్నో పక్కింటావిడో ఉండేది. వంటపెట్టెకి ఆ పాటి జాలి కూడా లేదు.

ప్రసూన పన్నును అరచేతిలో పెట్టుకుని గోడతెర ముందు నిలబడి శాఖ వైద్యుణ్ణి పిలిచింది. వినీల్ అనే కుర్ర డాక్టరు కనిపించాడు.

"పాలసాక్షి పచ్చగానే ఉంది కదండీ," అన్నాడతను.

"పాల సంగతి కాదు. నా పళ్లు ఊడిపోతున్నాయి."

అతను ఆమె దవడ చిత్రం తెప్పించి చూశాడు. "తిండిలో కాల్షియం తగ్గినా పాలలో తగ్గదండీ. ఒళ్లు ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. మీ దవడ ఎముక బాగా పలచబడింది."

"మరి ఇది పచ్చగా ఎందుకు వెలుగుతోంది?"

"దానికి తల్లి కొలతలు లేవండీ."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసండీ. పాలు బాగుంటే చాలన్నారు పైవాళ్లు."

ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఆకలేస్తోందని ఆమె అన్నప్పుడల్లా అందరూ చూసింది ఆ పచ్చదీపాన్నే.

"తల్లికి పెరుగు పెడితే పిల్లకి జలుబు చేస్తుంది కదా బాబూ?" అంది మంగతాయారు.

"చెయ్యదమ్మా."

మంగతాయారు ముఖం పాలిపోయింది. "నాకు ముప్పై దాటకుండానే కట్టుడుపళ్లు వచ్చాయి. పిల్లల్ని కన్నాక మామూలే అంది మా అత్త. ఆవిడ నోట్లోనూ ఒక్కటి లేదు." కోడలి వైపు చెయ్యి చాచింది. "నాకేం తెలుసే తల్లీ."

ప్రసూన ఆ చేతిని అందుకోలేదు. పాలసాక్షిని ఊడబెరికి బల్ల మీద పడేసింది. అది ఎర్రబడి కీచుమంది.

"తీయకండి," అన్నాడు వినీల్ కంగారుగా. "పాపకి గట్టి పళ్లు రావాలంటే అది ఉండాలి."

ప్రసూన అత్తగారి ఒళ్లోంచి పాపను తీసుకుని తెర ముందుకు ఎత్తి పట్టింది.

"ఇదీ ఆడపిల్లేనండీ డాక్టరుగారూ. ఇంత గట్టి పళ్లు ఇస్తున్నారు సరే. ఇది తల్లయ్యాక, దీని పిల్లకోసం మళ్లీ వీటినే పీక్కుంటారా?"