కొత్త డబ్బాకి పెత్తనం

"గుర్రపుడెక్కాకు డిజైన్‌లో తివాచీ ఉందాండీ?"

"ఉందండి. రంగు పోతుంది, పర్వాలేదా?"

"పోయే రంగే కావాలండి."

కోడ్ సరిపోయింది. ఏలూరు తివాచీల గోడౌన్ వెనక తలుపు తెరుచుకుంది. ఏజెంట్ సుకుమార్ ఉన్నిచుట్టల మధ్య నుంచి తుమ్ముకుంటూ లోపలికి వచ్చాడు. దేశం కోసం ప్రాణమిస్తానని సంతకం పెట్టాడు గానీ ఈ ఉన్నిధూళి సంగతి అప్పుడెవరూ చెప్పలేదు.

లోపల బాలాత్రిపురసుందరి గారు కూర్చుని ఉన్నారు. ఊరందరికీ ఆవిడ తివాచీల ఎక్స్‌పోర్టరు. ఢిల్లీలో మాత్రం ఆవిడ పేరు చెబితే పెద్ద పెద్ద ఆఫీసర్లు కుర్చీల్లోంచి లేస్తారు. సుకుమార్‌కి ఆవిడ చీఫ్. పక్కన స్టూలు మీద ఇంకొకావిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఈవిడ లక్ష్మీదుర్గ గారు. రాడార్ ఇంజనీర్ సూర్యనారాయణ గారి భార్య," అన్నారు చీఫ్. "ఆయన్ని ఎత్తుకెళ్ళింది విక్టర్ ముఠా. ఎక్కడో కాదు, కొల్లేటికోట దారిలో చేపల చెరువుల మధ్య గెస్ట్‌హౌస్‌లో పెట్టారు. ఈ సాయంత్రమే పడవెక్కించి సముద్రం దాటిస్తారు."

"రెయిడ్ చేద్దామండి."

"చేస్తే శవం దొరుకుతుంది."

లక్ష్మీదుర్గ గారి వేలు ఆగింది. చీఫ్ గొంతు తగ్గించారు.

"అది వైర్‌లెస్ ఇల్లు సుకుమార్. ఈ 2008లో మన జిల్లాలో అలాంటిది అదొక్కటే. లైట్లు, గేటు, తాళాలు, అన్నీ హాల్లో ఉన్న ఒక్క కంట్రోలర్ డబ్బాతో పెయిర్ అయి ఉంటాయి. మేడ మీద ఆయన గదిలో విషవాయువు సిలిండర్ ఉంది. దాని వాల్వ్‌ని కంట్రోలర్ మాటిమాటికీ పలకరిస్తుంటుంది. పలకరింపు ఆగితే వాల్వ్ కాసేపు ఎదురుచూసి తెరుచుకుంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు తీసినా లాభం లేదు."

"డబ్బా మార్చి మళ్ళీ పెయిర్ చేస్తే?"

"ఒక్కో పరికరం దగ్గరికీ వెళ్ళి బటన్ నొక్కాలి. వాల్వ్ ఉన్నది తాళం వేసిన గదిలో. అందుకే పాతదాన్ని రీసెట్ చేయకూడదు. అత్తగారు కోడలికి తాళాలు అప్పగించినట్టు, రెండు డబ్బాలూ పక్కపక్కన వెలుగుతుండగానే పాతది కొత్తదానికి పెత్తనం ఇవ్వాలి. అన్ని పరికరాలూ కొత్తదానికి పలికాయని చూసుకున్నాకే పాతదాన్ని తొలగించు. ఇంకో మాట. కింద నుంచి సిగ్నల్ నేరుగా మేడ మీదికి అందదు. మధ్యలో ఉన్న పరికరాలే అందుకుని అందిస్తాయి."

"మరి నన్ను లోపలికెవరు రానిస్తారండి?"

"వాళ్ళే పిలిచారు. లో వోల్టేజ్‌కి ఆ డబ్బా మాటిమాటికీ హ్యాంగవుతోంది. అది మనం చేసిన ఏర్పాటేం కాదు. తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్‌ని పంపమని సిల్వియా కబురు చేసింది. ఆవిడ విక్టర్ సెక్రటరీ, మన ఇన్ఫార్మర్ కూడా. ఎవరు గెలిచేలా ఉంటే వాళ్ళ మనిషి."

సుకుమార్ లేచాడు. లక్ష్మీదుర్గ గారు గుమ్మం దాకా వచ్చారు.

"ఆయనకి ఎండాకాలం పొడిదగ్గండీ. గంటగంటకీ నీళ్ళు పడాలి. ఆ గదిలో మంచినీళ్ళైనా పెట్టారో లేదో," అన్నారు.

తీసుకొస్తానని అనబోయి అనలేకపోయాడు సుకుమార్. తల మాత్రం ఊపాడు. ఆ ఊపినందుకే దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు.

* * *

ఎండ చెరువుల మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిల్, చేతిలో టూల్ బ్యాగ్‌తో గేటు ముందు దిగాడు సుకుమార్. గేటు దానంతటదే పక్కకి జరిగింది.

వరండాలో సిల్వియా నిలబడి ఉంది. నెమలికంఠం రంగు చీర, నల్లకళ్ళద్దాలు. చేపలు ఎగిరిపడే గట్టు మీద ఆ సెంటు వాసన ఏమిటో, దేవుడికే తెలియాలి.

"గూడెం నుంచేనాండీ? త్వరగా కానివ్వండి. సార్ పడవ చూసుకోడానికి చెరువు వెనక్కి వెళ్ళారు. ఒక్క పరికరం పోయినా ఊరుకోరండీ."

"పోవండి. పోతే నా ప్రాణం పోయినట్టే," అన్నాడు సుకుమార్. నూటికి నూరుపాళ్ళూ నిజం.

హాల్లో ఫ్యాను కింద కూర్చుని బ్యాగ్ విప్పాడు. ప్లగ్ పాయింట్ చూద్దామని అలా లేచాడో లేదో, నెత్తి మీద ఫ్యాను ఆగిపోయింది. స్విచ్ దగ్గర వంటావిడ పాపమ్మ నిలబడి ఉంది.

"నేనింకా ఇక్కడే ఉన్నానండి!"

"లేచారు కదా, వెళ్ళిపోతున్నారేమోననుకున్నానండీ," అని మళ్ళీ వేసింది. ఏ కోశానా తప్పు చేసినట్టు లేదు. "ఈ ఇంట్లో పగలూ రాత్రీ ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటదండీ. చూడలేకపోతన్నాను."

పాత డబ్బా పక్కనే కొత్తది పెట్టాడు. రెండిటికీ లోపల బ్యాటరీ ఉంది, చేత పట్టుకున్నా పనిచేస్తాయి. పాతదాన్ని అప్పగించే మోడ్‌లో, కొత్తదాన్ని నేర్చుకునే మోడ్‌లో పెట్టాడు. రెండిటి లైట్లూ మిణుకుమిణుకుమన్నాయి. సిల్వియా గోళ్ళు చూసుకుంటున్నట్టే ఉంది గానీ కళ్ళద్దాల వెనక చూపు డబ్బాల మీదే ఉంది.

కొత్తదాని స్క్రీన్ మీద ఒక్కో పేరూ వచ్చి పచ్చబడుతోంది. గేటు, వరండా లైట్లు, హాలు కర్టెన్లు... పాత డబ్బా పలకరింపు మానేసి పెత్తనం వదిలేసుకుంది. తొలగించేదాకా దాని బటన్లు మాత్రం పనిచేస్తాయి. హమ్మయ్య అనబోయాడు సుకుమార్.

చివరి రెండు పేర్లూ ఎర్రగానే ఉన్నాయి. మేడ గది తాళం, మేడ గది వాల్వ్. రెండూ పలకడం లేదు.

మళ్ళీ పిలిచాడు. పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వాల్వ్ ఎదురుచూడ్డం మొదలుపెట్టేసింది. తప్పెక్కడ జరిగింది? చెప్పింది చెప్పినట్టే చేశాడు కదా! గుమ్మంలో తల ఊపినప్పుడు లక్ష్మీదుర్గ గారి మొహంలో కనిపించిన ఆశ గుర్తొచ్చింది.

"ఏవైందండీ?" సిల్వియా గొంతు మారింది.

"ఏం లేదండి, నెట్‌వర్క్ కొత్త కదా," అన్నాడు. మధ్యలో ఉన్నవే అందుకుని అందిస్తాయి అన్నారు చీఫ్. హాలుకీ మేడకీ మధ్య ఉన్నది మెట్లు. అటు చూశాడు. మెట్ల మీద చీకటిగా ఉంది. తను వచ్చేటప్పుడు అక్కడ ప్లగ్గుకి తగిలించిన దీపం వెలుగుతోంది. సిగ్నల్ అందించేది అదే!

నెత్తి మీద ఆగిన ఫ్యాను గుర్తొచ్చింది.

"పాపమ్మ గారూ! మెట్ల దీపం మీరేనా ఆపింది?"

"నేనేనండీ," చీపురు పట్టుకునే వచ్చింది పాపమ్మ. "పట్టపగలు దీపమేంటండీ, విడ్డూరం కాకపోతే! అయ్యగారు ఇంట్లో ఉంటే ముట్టుకోనివ్వరు. ఇవాళే కదండీ గడప దాటారు. పైన ఆ పెద్దాయనకి మతి సరిలేదంట, ఎలాగూ తలుపేసే ఉంటదాయె."

సుకుమార్ కొత్త డబ్బా, టూల్ బ్యాగ్ పట్టుకుని ఒక్క గెంతులో మెట్ల దగ్గరికి వెళ్ళి ప్లగ్ దగ్గర స్విచ్ వేశాడు. దీపం వెలిగింది. చేతిలో ఉన్న కొత్త డబ్బా వైపు చూశాడు. తాళం పచ్చబడింది. వాల్వ్ ఇంకా ఎరుపే. పలకవే తల్లీ, పలుకు. ఎరుపు. ఎరుపు. పచ్చ!

"అక్కడే ఆగండి."

వెనక సిల్వియా ఒక చేత్తో పిస్తోలు, ఇంకో చేత్తో పాత డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. పెరటి గుమ్మంలోంచి విక్టర్ రొప్పుతూ వస్తున్నాడు.

"మేడ గది గురించి మెకానిక్‌కి అంత ఆదుర్దా ఎందుకండీ?" అంది సిల్వియా. "ఆ కొత్తది కింద పెట్టండి. లేకపోతే ఈ బటన్ నొక్కుతాను. పైన ఆయన పని అయిపోతుంది."

"మీరు మా మనిషి కదండీ?"

"పొద్దున్నండీ, అది."

సుకుమార్ కింద పెట్టడానికన్నట్టు వంగాడు. స్క్రీన్ మీద చివరి ప్రశ్న కనిపిస్తోంది: పాత కంట్రోలర్‌ని తొలగించాలా? బొటనవేలితో నొక్కాడు. అదే క్షణంలో సిల్వియా వేలు కూడా బటన్ మీద పడింది.

పై నుంచి దగ్గు వినబడింది.

ఇంకోసారి దగ్గు. ఇంకోసారి. అయిపోయింది. ఆలస్యమైపోయింది. ఆవిడకి ఏమని చెప్పాలి?

"ఏవండీ!" పైనుంచి నీరసంగా ఒక గొంతు. "ఎవరైనా కాస్త మంచినీళ్ళిస్తారాండీ?"

అది పొడిదగ్గు! సిల్వియా మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. అత్తగారి చేతిలో ఇప్పుడు తాళంచెవి ఒక్కటీ లేదు. సిల్వియా అయోమయంలో పడిన ఆ ఒక్క క్షణం చాలు. సుకుమార్ విసిరిన టూల్ బ్యాగ్ వెళ్ళి పిస్తోలుకి తగిలింది. పిస్తోలు ఎగిరి సోఫా కింద పడింది.

విక్టర్‌కి విషయం అర్థమైంది. ఇద్దరూ జీపెక్కి గేటు మీదికి దూకించారు. సిల్వియా పాత డబ్బాని గేటుకేసి చూపిస్తూ నొక్కుతూనే ఉంది. గేటు కదల్లేదు. హారన్ కొట్టారు. దానికీ కదల్లేదు.

బయట ధాన్యం లారీలో దాక్కున్న చీఫ్ మనుషులు దిగి వరసగా నిలబడ్డాక, సుకుమార్ కొత్త డబ్బాతో గేటు తీశాడు. రెండో బటన్‌తో మేడ గది తాళం తీసి, చెంబుతో నీళ్ళు తీసుకుని రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాడు.

నీళ్ళు తాగాక సూర్యనారాయణ గారికి సెల్‌ఫోన్ ఇచ్చాడు. అవతల లక్ష్మీదుర్గ గారి ఏడుపు, ఇవతల దగ్గు. సుకుమార్ కిటికీ వైపు తిరిగి, లేని దుమ్ముని కళ్ళలోంచి తుడుచుకున్నాడు.

తర్వాత చీఫ్ లైన్‌లోకి వచ్చారు.

"పరికరాలు ఒక్కటీ పోలేదు కదా?"

"పరికరాలు పోలేదండి. పాపమ్మ గారి ఉద్యోగం పోయిందండి."

గేటు దగ్గర పాపమ్మ జీపు హెడ్‌లైట్లు ఎలా ఆపాలా అని వెతుకుతోంది. చీఫ్ సంగతంతా విన్నారు.

"రేపటి నుంచి మన గోడౌన్‌కి రమ్మను. ఇక్కడ లైట్లు ఆపే నాథుడే లేడు."