సైడు అద్దం కింద ఈల

కారు మలుపు దగ్గర చెట్టుకు గుద్దుకుంది. మనిషి ప్రాణం అక్కడికక్కడే పోయింది. పట్టపగలు, ఖాళీ రోడ్డు. బ్రేకు వేసిన గుర్తు మచ్చుకైనా లేదు. పైగా కారు సందులన్నిటికీ బయటినుంచి నీలం టేపు!

మర్నాడు మెకానిక్ షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ఆ కారు చుట్టూ ముగ్గురిని నిలబెట్టాడు. పోయినవాడి భార్య, అన్నగారు, బండి చూసే మెకానిక్.

"ఇంకేం తేలుస్తారు సార్?" అన్నాడు అన్న. "కారుకి కట్లు కట్టాడంటే మతి పోయినట్టే. కావాలనే గుద్దాడు. పొద్దున్నే ఈవిడ నోరు పారేసుకుంది. మావాడసలే మెత్తన."

"ఏమన్నారమ్మా?"

ఆమె తలెత్తలేదు.

"బండిలో ఈల మోగుతోంది, తల పగిలిపోతోందన్నాను. అది పోయేదాకా మీ పక్కన కూర్చోనన్నాను. అంతే సార్. దానికే చచ్చిపోతారా?"

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు తిరిగాడు. "గాలి చప్పుడు ఎక్కడిదో ఎలా పట్టుకుంటారు?"

"సందులన్నీ టేపుతో మూసి, స్పీడుగా తోలతాం. ఈల ఆగుతుంది. ఒక్కో ముక్క పీకి మళ్ళీ తోలతాం. ఏది పీకితే ఈల వస్తుందో దొంగ అక్కడున్నట్టు. ఇద్దరుండాలి సార్, ఒకరు తోలాలి, ఒకరు వినాలి. రేపు రమ్మన్నాను. ఆగలేదు, టేపు పట్టుకుపోయాడు."

"పీకిన ముక్కలు రెండే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. " ఒకటి డాష్‌బోర్డు మీదుంది. రెండోది ఆయన చొక్కా చేతికి అంటుకుంది. చూడండి ఈ వంపు."

ఆ ముక్కను కుడి సైడు అద్దం మొదట్లో ఆనించాడు. కొలిచి కోసినట్టు సరిపోయింది. దాన్ని తీసేసి, "గాలి కొట్టు" అన్నాడు.

మెకానిక్ గాలి పైపు పెట్టాడు. అద్దం కింద రబ్బరు చీలికలోంచి సన్నగా ఈల వచ్చింది.

"అదే," అంది ఆమె.

"ఈల వినగానే అద్దం వైపు చూసుంటాడు. ఎదురుగా మలుపు. చావాలని వెళ్ళలేదమ్మా, మిమ్మల్ని మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోవాలని వెళ్ళాడు."

"అమ్మాయ్..." అన్నాడు అన్న.

"అయితే ఈల ఎక్కడిదో ఆయనకి దొరికిందా?" అంది ఆమె.

"దొరికిందమ్మా."

"ఇద్దరుండాలన్నాడుగా, సార్."

ఇన్‌స్పెక్టర్ తన డ్రైవరును పిలిచాడు.

ఆమెను జీపులో ఇంటికి పంపారు. రోడ్డెక్కి వేగం అందుకోగానే ఎక్కడో సందులోంచి గాలి ఈల వేసింది. డ్రైవరు కిటికీ అద్దం బిగించబోయాడు.

"ఉండనివ్వు బాబూ," అంది ఆమె. "విననీ."