నీలి మరక మీద రంగు వేయకండి

బిల్డరు గారూ, ఆమె ఊపిరి తీసింది మీరు. మీరు, మీ ఇంజనీరు, మీ ప్లంబరు, చల్లటి గదిలో కూర్చుని ప్లాను గీసిన మీ డిజైనరు, అందరూ కలిసి తీశారు. నేను రాసేది ప్రేమకథే. ఫిర్యాదులు చదివే ఓపిక మీకు లేదని తేలిపోయింది కాబట్టి కథ రాస్తున్నాను. కూర్చుని చదవండి.

నేను బైకు మెకానిక్‌ని. మీరు కట్టిన బిల్డింగులో మూడో అంతస్తు. ఆమె రెండో అంతస్తు, సరిగ్గా నా కింద, వాళ్ళమ్మతో. పిల్లలకు ఈత నేర్పే టీచరు. ఒక గది ఎక్కువ చూపించుకోవాలని మీరు ప్లాను మార్చి నా బాత్రూమును ఆమె పడకగది నెత్తిన పెట్టారు. ఆ లెక్కన మాకు పెళ్ళిళ్ళ పేరయ్య మీరే.

ఇంట్లో దిగిన కొత్తలోనే ఎవరో తలుపు దబదబా బాదారు. తీశాను. తడి జుట్టు, చంకలో దిండు, ముక్కు మీద కోపం.

"ఏవండీ, ఇప్పుడు స్నానం చేశారా?"

తల తుడుచుకుంటున్న తువ్వాలు నా చేతిలోనే ఉంది. "చేస్తే నేరమా?"

"ఆ నీళ్ళన్నీ నా దిండు మీదే పడ్డాయి. రోజంతా నీళ్ళలో నానేదాన్ని. ఇంటికొచ్చి కాస్త పొడిగా పడుకుందామంటే మీరొకరు!"

"నా నీళ్ళేనని ఏమిటి గ్యారంటీ?"

దిండు నా ముక్కు దగ్గర పెట్టింది. "గులాబీ సబ్బు. ఇంత మీసం పెట్టుకుని గులాబీ సబ్బేంటండీ?"

"ఆఫర్లో వచ్చింది."

ఆమెకు నవ్వొచ్చింది. కోపంగానే ఉండాలని చూసింది కానీ కుదరలేదు.

బండిలో ఆయిలు ఎక్కడ కారుతోందో తెలియాలంటే మాకు మా పద్ధతులున్నాయి. బాత్రూము తూము మూసేసి, నేలంతా నీళ్ళు నింపి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపి వదిలేశాను. మర్నాడు ఫోను.

"స్పానర్ గారూ, నేరం రుజువైంది. నా సీలింగు మీద ఆకాశం ఊడిపడింది. వచ్చి చూసుకోండి."

వెళ్ళాను. తెల్లటి సీలింగు మీద పళ్ళెమంత నీలి మరక. వాళ్ళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడేమంటావు బాబూ?"

"తప్పు నాదే అత్తయ్యా."

ఆ పిలుపు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కూతురు గిరుక్కున వంటింట్లోకి తిరిగింది. "నేరస్తుడికి టీ ఇస్తాను. నీళ్ళు మాత్రం ఇవ్వను."

నేనే ఒక టైలు ఊడదీశాను బిల్డరు గారూ. కింద ఏముంది? విరిగిన ఇటుక ముక్కలు, ఇసుక. నీరు దిగకుండా పూయాల్సిన పూత ఒక్క పొర కూడా లేదు. పైపు అతుకు దగ్గర జిగురు లేదు, సిమెంటు మెత్తారంతే. వేలితో లాగితే చేతికొచ్చింది. నేను నీలిమందుతో చేసింది తాళాలు ఇచ్చే ముందు మీరు చేయాల్సిన పని. నీళ్ళు నింపాలి, నిలబెట్టాలి, కింద నిలబడి తలెత్తి చూడాలి. అంతేగా!

ఆ బాత్రూముకు తాళం వేసి, నా బైకుల షెడ్డులో నల్లా కింద స్నానం మొదలుపెట్టాను. అయినా కారింది. పై అంతస్తులన్నిటి పైపూ ఆ గోడలోంచే దిగుతుంది, అన్ని అతుకులూ అలాంటివే. పగలగొట్టి మార్చాల్సింది మీరు.

ఒక సాయంత్రం వాన. మీ పోర్టికో కూడా కారుతోంది. కారకుండా ఉన్నది ఒక్క చోటు, ఒక మనిషికి సరిపడేంత. అక్కడ ఇద్దరం నిలబడ్డాం.

"షెడ్డులో స్నానం చేస్తున్నావట?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని గమనించాను. "ఎవరు చెప్పారు?"

"చెప్పాలా? గులాబీ పోయి గ్రీజు వాసనొస్తోంది."

"నీ దిండు తడవకూడదని."

నా భుజానికి ఆనుకుని మెల్లగా అంది: "నా కోసం ఇంత మురికిగా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు స్పానర్."

మీ ఆఫీసుకు ఇద్దరం కలిసి వచ్చాం, గుర్తుందా? "ఇంజను కింద ఆయిలు కారితే బండికి రంగు వేయం సార్, గాస్కెట్ మారుస్తాం" అన్నాను. మీరు నవ్వి, ఉచితంగా ఫాల్స్ సీలింగు వేయిస్తామన్నారు. పైన కారేది ఆపకుండా కింద ఆ అట్ట బిగిస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగాను. "అదంతా మావాళ్ళు చూసుకుంటారు" అన్నారు.

బిగించారు. మరక కనబడలేదు, చుక్క పడలేదు. వాళ్ళమ్మ సంబరపడింది. "ఇల్లు ఆరిందయ్యా, ఇక మీ పెళ్ళి మాట్లాడుకుందాం" అని నా చేయి తీసుకుని కూతురి చేతిలో పెట్టింది.

"పెళ్ళయ్యాక కింద ఉందామా, పైనా?" అన్నాను.

"పైనే. ఇన్నాళ్ళూ తడిశాను, ఇక తడిపే వైపు ఉంటాను."

ఈతకొలను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపిరిలో పోయే మనిషి. వానాకాలం ముదిరేసరికి నా ఇంటికి వస్తూ మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. రెయిలింగు పట్టుకుని నవ్వేది. "ఎవరో నా గుండె మీద కూర్చున్నట్టుంది. నువ్వైతే లేవవోయ్."

డాక్టరు మందులు మార్చాడు, పీల్చే మందు ఇచ్చాడు. ఆ తర్వాతే, "పడుకునే గదిలో చెమ్మ ఉందా?" అని అడిగాడు. పైకి చూస్తే తెల్లగా, శుభ్రంగా సీలింగు. లేదని చెప్పాం. ఆ వారమే ఊపిరాడక ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆమె పోయాక ఆ సీలింగును నా స్పానరుతోనే పగలగొట్టాను. అట్ట వెనక అంతా నల్లగా, మెత్తగా, గొర్రె బొచ్చులా బూజు. ఆమె దిండుకు సరిగ్గా పైన. నానిన అట్ట, గాలి ఆడని సందు, ఆగని నీళ్ళు. బూజుకు అంతకంటే ఏం కావాలి? ఆ నలుపు మధ్య నా నీలి మరక అలాగే ఉంది.

వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇది దాని నెత్తి మీదే ఉందా అల్లుడూ?" అంది. ఆ ప్రశ్న మీకే. మీరు చెప్పండి.

నిన్న మీ మనిషి తెల్ల రంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోంచే తిప్పి పంపాను.

ఇప్పుడు చేయాల్సింది వినండి. ఈ బిల్డింగులో ప్రతి ఫాల్స్ సీలింగూ ఊడదీయండి. ప్రతి బాత్రూము నేలా తవ్వండి. ఇటుక ముక్కలు ఎత్తిపోసి, పైపులు మార్చి, పూత వేసి, గోడ మూలల్లో పైదాకా ఎక్కించండి. నీళ్ళు నింపి నిలబెట్టండి. మీ మనుషుల్ని పంపడం కాదు, మీరే రండి. ప్రతి ఇంట్లోనూ మంచం మీద పడుకుని పైకి చూడండి. పొడిగా ఉందని మీ నోటితో వాళ్ళకు చెప్పండి. ఈ వానలు మళ్ళీ మొదలయ్యేలోపు.

ఆమె గదిలో కూడా నీళ్ళు ఆపండి. ఆ నీలి మరక మీద మాత్రం రంగు వేయకండి.