కండక్టర్ మిట్ట మీద ఛార్జి

రాయదుర్గం నుంచి మా ఊరికి వచ్చే దారిలో, ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనగా కండక్టర్ మిట్ట వస్తుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఒకవేళ ఆగితే... ఆపింది మనం కాదంటారు.

పాతికేళ్ల కిందట ఒక ప్రైవేటు బస్సు ఆ మిట్ట ఎక్కలేక వెనక్కి జారిందట. కండక్టర్ వెంకటప్ప దూకి చక్రం కింద రాయి పెట్టాడు. బస్సు నిలిచింది. వెంకటప్ప లేవలేదు. అప్పటినుంచి రాత్రిపూట ఆ మిట్ట ఎక్కే బండ్ల వెనక ఒక గొంతు వినబడుతుందని చెబుతారు — "ఛార్జి... ఛార్జి..." ఛార్జి లేదన్నవాడి బండి కదలదట.

నేను నమ్మను. యాభై ఏళ్లుగా ఎద్దులబండి తోలుతున్నాను. ఆ మిట్ట మీద నన్ను ఎవడూ ఛార్జి అడగలేదు.

అయినా రెండువేల ఎనిమిది శ్రావణంలో దర్జీ అతావుల్లాకు జరిగింది, అతను చెప్పగా విన్నది విన్నట్టు చెబుతాను.

ఆ నెలలోనే అతావుల్లా కరెంటు స్కూటర్ కొన్నాడు. మా చుట్టుపక్కల అదే మొదటిది. పెట్రోలు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. చప్పుడు లేక కోళ్లు కూడా పక్కకు తప్పుకునేవి కావు!

"రాత్రంతా ఛార్జి పెడితే డెబ్బై కిలోమీటర్లు పోతాది తాతా. అంగడాయన కాగితం మీద చూపించినాడు" అన్నాడు నాతో.

"ఎవరు ఎక్కితే డెబ్బై?" అన్నాను.

"ఎవరెక్కితే ఏమి? డెబ్బై అంటే డెబ్బై."

"ఖాళీ బండితో నా ఎద్దులు పోయే దూరం వేరప్పా. బస్తాలేసుకొని మిట్ట ఎక్కే దూరం వేరు."

"దీనికి గడ్డేస్తానా, కుడితి పెడతానా? ఎద్దులతో పోలుస్తావేమి తాతా!"

అందరూ నవ్వారు. నేను నోరు మూసుకున్నాను. ఆ పూటకు.

వారం తిరక్కుండానే హనుమక్క కూతురు ఉమాదేవి పెళ్లి వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం. పెళ్లిరవిక కుట్టింది అతావుల్లానే. దానికి అద్దాల పని మాత్రం రాయదుర్గంలో చేయిస్తున్నాడు. ముందురోజు మధ్యాహ్నమైనా రవిక రాలేదు. హనుమక్క కొంగు బిగించి అంగడి ముందు నిలబడింది.

"రాత్రికి రవిక నా చేతిలో ఉండల్ల. లేదంటే నా కూతురు పీటల మీద కూసోదు... నువ్వు ఈ ఊర్లో మళ్లీ సూది పట్టవు!"

"పోను ముప్పై, రాను ముప్పై. ఇంకా పది మిగులుతాదక్కా. ఆ పదిలో నీ కూతురిని ఊరేగిస్తా!"

వెళ్లేటప్పుడు శ్రావణగాలి వీపున తోసింది. దారి చాలామటుకు దిగుడు. స్కూటర్ మీద ఛార్జి చూపించే ముల్లు నిద్రపోయినట్టు కదలనే లేదు. డెబ్బై ఏమిటి, నూరు పోతుంది అనుకున్నాడు అతావుల్లా. ఆ సంబరంలో రాయదుర్గంలో ఒక పాత కుట్టుమిషన్ తల కొన్నాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టె కూడా కొన్నాడు. రెండింటినీ కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. రవిక చేతికొచ్చేసరికి పొద్దు గూకింది. దాన్ని సంచిలో చుట్టి మెడకు తగిలించుకొని బయలుదేరాడు.

ఇప్పుడు గాలి ఎదురు. దారి ఎగువ. పైగా లైటు వేయాలి.

ముల్లు నిద్ర లేచింది. సగానికి వచ్చింది... ఇంకా కిందికి... ఎర్రగీత దగ్గర కూర్చుంది.

సరిగ్గా కండక్టర్ మిట్ట మొదట్లో బండి బరువెక్కింది. మెల్లగా... ఇంకా మెల్లగా... వెనక సీటు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

ఆగింది.

లైటు ఆర్పాడు. చుట్టూ చెనిక్కాయ చేలు. గాలి తప్ప ఏమీ లేదు. దిగి తోశాడు. నాలుగడుగులకే ఆయాసం. సంచిని గుండెకు అదుముకొని పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు.

అప్పుడు... చేను గట్టు మీద నుంచి...

"అన్నా..."

అతావుల్లా మెడ తిప్పలేదు.

"అన్నా... ఛార్జి..."

మెడ తిరిగింది. ఎట్లా తిరిగిందో తనకే తెలియదట. గట్టు మీద నల్లటి ఆకారం. భుజాలున్నాయి. తల లేదు.

"కొంచెం ఛార్జి ఉండాదా అన్నా..."

"లేదు! ఛార్జి లేదు! ఉంటే ఈపాటికి ఇంట్లో ఉందును కదా సామీ!"

ఆకారం ఒక అడుగు దిగింది.

"అంతా అయిపోయిందా... కొంచెమన్నా లేదా..."

"ఇదిగో ఇస్త్రీపెట్టె, తీస్కో!" విసిరాడు. "మిషనూ తీస్కో!" అదీ దొర్లించాడు. "రవిక మాత్రం అడగొద్దు! హనుమక్క నిన్ను కూడా వదల్దు!"

చీకట్లో ఏదో గబగబా కదిలింది. అతావుల్లా కళ్లు మూసుకొని బండి ఎక్కాడు.

వెనక రేకు మీద టపటపమని రెండు దెబ్బలు.

"రైట్... రైట్..."

బండి కదిలింది!

నిండు చూలాలు నడిచినట్టు మెల్లగా మిట్ట ఎక్కింది. అవతలి వైపంతా దిగుడే. ఛార్జితో పని లేకుండా గాలిలా దిగి పెళ్లి పందిట్లోకి వచ్చి పడ్డాడు. రవిక చేతికందగానే హనుమక్క, "ఆలస్యమైతే అయింది గానీ, అట్లా వణుకుతాండావేమప్పా?" అంది.

మరునాడు పెళ్లిభోజనాల దగ్గర అతావుల్లా ఇదంతా చెబుతుంటే, గొర్రెల ఓబులేసు వచ్చాడు. భుజాన కుట్టుమిషన్, చేతిలో ఇస్త్రీపెట్టె.

"ఏమన్నా, ఇవి నాకేమిటికి ఇసిరినావు? నేనడిగింది సెల్లుకు ఛార్జి! మంద ఆ చేను పక్క బీడులో పెట్టినాను. మూడు దినాల్నుంచి సెల్లు సచ్చింది. కరెంటు బండి కదా, ఒక వైరు తగిలిస్తావేమో అనుకున్యా."

"తల యాడ పెట్టొచ్చినావురా?"

"సలి గాలికి కంబళి నిండా కప్పుకున్యా. తల లోపలుండాది!"

పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారు. నవ్వి నవ్వి హనుమక్క విస్తరిలో పాయసం ఒలికింది.

నా పూట వచ్చింది. "డెబ్బై అనేది బక్కోడు, పగలు, చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు పోయే లెక్క. నువ్వేమో ఎదురుగాలిలో ఇనుము మోయించినావు. పది నిమిషాలు నిలబెడితే ఎద్దు కూడా అలుపు తీర్చుకుంటాది. బరువు దించినావు, ఎక్కింది. ముల్లు సగానికి రాకముందే వెనక్కి తిరుగు. వచ్చే దారి ఎగువైతే ఇంకా ముందే తిరుగు."

"తిరుగుతా తాతా. ఎద్దుల మీద ఒట్టు!" కళ్లు తుడుచుకుంటూ ఓబులేసు వైపు తిరిగాడు. "అంతా సరే గానీ, చివర్లో బండి తట్టి రైట్ రైట్ అన్యావు చూడు... అప్పుడు పోయిందిరా నా పాణం!"

ఓబులేసు నవ్వడం ఆపాడు.

"నేనా? ఇస్త్రీపెట్టె నా మీదికి రాంగానే చేన్లోకి పరిగెత్తినా కదన్నా. నీ బండి దగ్గరికి నేను రానే లేదు."



నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మిట్ట ఎక్కేటప్పుడు ఎద్దులను అదిలించి, ఎవరూ లేని వెనక్కి ఒకసారి తిరిగి ఉన్నమాట చెప్పేస్తాను.

"ఛార్జి లేదు వెంకటప్పా. రైట్ రైట్!"